పెద్ద బండికి కార్ టైరా? ఆ మెసేజ్ ఇక ఆపండి

మళ్ళీ వచ్చింది. పోయిన వానాకాలం ఒక చుట్టు చుట్టి వెళ్ళిన మెసేజే. ఇప్పుడు రెండు మంటల బొమ్మలు కొత్తగా తగిలించుకుని వైజాగ్ బైక్ గ్రూపులన్నిట్లోనూ తిరుగుతోంది. "పెద్ద బండి ఉన్న అన్నలకి ముఖ్య గమనిక! కంపెనీలు మీకు చెప్పని రహస్యం!" అని మొదలవుతుంది. గోల్డ్‌వింగ్, హార్లీ లాంటి బరువైన టూరింగ్ బండ్ల వెనక చక్రానికి మోటార్‌సైకిల్ టైర్ బదులు కార్ టైర్ వేసుకోవాలట. మూడింతలు నడుస్తుందట, పట్టు ఎక్కువట, బరువు ఎక్కువ మోస్తుందట, వానలో జారదట, నైట్రోజన్ నింపితే పేలనే పేలదట, ఏ పంచర్ షాపులోనైనా ఎక్కించేస్తారట, ఇన్సూరెన్స్ వాళ్ళకి తెలియదట, అమెరికాలో వేలమంది ఇలాగే తిరుగుతుంటే ఒక్కడూ పడలేదట. కింద "సేఫ్ రైడింగ్" అని ఒక దండం.

పంపిస్తున్నవాళ్ళలో నాకు బాగా కావలసినవాళ్ళే ఉన్నారు. మొన్న ఎంవీపీ కాలనీ నుంచి మావాడొకడు ఫోన్ చేసి, "గురూ, 195 సైజు దొరికింది, ఆదివారం వేయించేస్తున్నా" అన్నాడు. వాడికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను, తిట్లు తీసేసి.

ముందు చిల్లర పాయింట్లు. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. మిగతా 22 శాతం కూడా నైట్రోజన్ చేసేస్తే కార్ టైర్ కాస్తా మోటార్‌సైకిల్ టైర్ అయిపోదు. ఇన్సూరెన్స్ సంగతంటారా, సైజు టైర్ గోడ మీదే అచ్చయి ఉంటుంది. యాక్సిడెంట్ బండి దగ్గరికి వచ్చిన సర్వేయర్ ముందుగా వంగి చూసేవాటిల్లో టైర్లు ఒకటి. ఆయనకి కళ్ళు లేవని మీ నమ్మకమైతే కానివ్వండి.

మూడింతలు నడుస్తుందన్నది మాత్రం చాలావరకు నిజం. ఆ బాధ నాకూ తెలుసు. విజయవాడ వైపు హైవే ఎక్కితే మలుపన్నదే మర్చిపోతాం. అలా తిరిగే బండి టైర్ మధ్యలో చదునుగా అరిగిపోతుంది, అంచుల్లో కొత్త టైర్‌కుండే రబ్బరు వెంట్రుకలు కూడా పోకుండా మిగిలిపోతాయి. ఐదంకెల బిల్లు కట్టినవాడికి అది చూస్తే కడుపు మండదా మరి? మండుతుంది. అయితే కార్ టైర్ ఎందుకు ఎక్కువ నడుస్తుందో మెసేజ్ చెప్పదు. గట్టి రబ్బర్ కాబట్టి. టన్నుకి పైగా బరువున్న వాహనం కింద, నాలుగు చక్రాలు పని పంచుకునే చోట ఉండటానికి చేసిన రబ్బర్ అది. మన బండి వెనక పడే బరువుకి అది పట్టు రావడానికి కావలసినంత వేడెక్కను కూడా వేడెక్కదు. టూరింగ్ టైర్లలో మధ్యన గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు వేసే పద్ధతి వచ్చింది ఈ గొడవ తీర్చడానికే.

"వెడల్పు ఎక్కువ కాబట్టి పట్టు ఎక్కువ." ఇది వినడానికి బాగుంటుంది. కానీ టైర్ నేల మీద ఎంత మేర ఆనుతుందన్నది ముఖ్యంగా రెండింటి మీద ఆధారపడుతుంది: మీద పడే బరువు, లోపలి గాలి. వెనక చక్రం మీద 250 కిలోలు పడుతున్నాయి, గాలి 36 పీఎస్ఐ ఉందనుకోండి. అంటే చదరపు సెంటీమీటర్‌కి రెండున్నర కిలోలు. భాగిస్తే సుమారు 100 చదరపు సెంటీమీటర్లు. టైర్ వెడల్పయితే నేలకి ఆనే ఆ మచ్చ అడ్డంగా సాగి పొడవు తగ్గుతుంది, అంతే. ఆకాశంలోంచి అదనపు రబ్బరు దిగిరాదు.

అదీ బండి నిటారుగా ఉన్నంతసేపే. వంచినప్పుడు అసలు కథ మొదలవుతుంది. ఒక పేపర్ టీ గ్లాసుని నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. మూతి పెద్దది, అడుగు చిన్నది కాబట్టి తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. మోటార్‌సైకిల్ టైర్ నేలకి ఆనే ముఖం అడ్డంగా చూస్తే గుండ్రంగా ఉంటుంది, కార్ టైర్‌ది చదునుగా ఉంటుంది. ఆ గుండ్రటి టైర్ వంగినప్పుడు చేసే పని అదే. మలుపుకి కావలసిన పక్క తోపు చాలావరకు ఆ వంపులోంచే పుడుతుంది. కారు చక్రం వంగేది మహా అయితే రెండు మూడు డిగ్రీలు. మోటార్‌సైకిల్ ముప్ఫై డిగ్రీలు వంగడం ఘాట్‌లో మామూలు విషయం. చదునైన టైర్‌ని అంత వంచితే ఒక అంచు మీద లేస్తుంది, వెంటనే బండిని తిరిగి నిలబెట్టాలని చూస్తుంది. మలుపు పొడుగునా మీరు హ్యాండిల్ నెట్టి పట్టుకునే ఉండాలి.

ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతున్నారనుకోండి. వెనక మీ ఆవిడ కూర్చుంది, పెట్టెల నిండా సామాను. అనంతగిరి దగ్గర ఎడమ మలుపు, లోపలి అంచున తడి, రాలిన ఆకులు. సగం మలుపులో కంకర కనపడి చెయ్యి ఒక్క క్షణం సడలింది. గుండ్రటి టైరున్న బండి దాని వంపులో అది ఉంటుంది. చదును టైరున్నది లేచి నిలబడుతుంది. నిలబడితే మలుపు విప్పారుతుంది, విప్పారితే మీరు ఎదురు లేన్‌లో ఉంటారు. అటునుంచి అరకు నుంచి దిగుతున్న ఆర్టీసీ బస్సు వస్తూ ఉంటుంది. ఆ బస్సు డ్రైవర్‌కి మీ టైర్ మూడింతలు నడుస్తుందని ఎవరు చెప్తారు?

ఘాట్ దాకా ఎందుకు, ఊర్లోనే చూడండి. పైపుల కోసం తవ్వి పూడ్చిన గాడి, పాత తారు మీద కొత్త తారు పోసి పక్కన వదిలేసిన మెట్టు, రోడ్డు కన్నా ఎత్తుగా నిలిచిన మ్యాన్‌హోల్ మూత. ఇవి లేని వీధి మన వైజాగ్‌లో ఉంటే నాకు చూపించండి, దండ వేసి వస్తాను. గుండ్రటి టైర్ వీటిమీంచి చాలావరకు జారుకుని పోతుంది. చదును టైర్ అంచు మెట్టెక్కితే చక్రాన్నే పక్కకి తోస్తుంది. రుషికొండ దాటాక భీమిలి వైపు గాలికి రోడ్డు మీద ఇసుక పేరుకునే మలుపుల్లో ఆ తోపు వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

బరువు లెక్కకి వద్దాం. "కార్ టైర్ మీద 87 అని ఉంటుంది, అంటే 545 కిలోలు. మీ టైర్ మీద 74, అంటే 375 కిలోలే." అంకెలు కరెక్టే. కానీ ఆ 545 చక్రం నిటారుగా ఉన్నప్పుడు, సరైన వెడల్పున్న రిమ్ మీద ఉన్నప్పుడు. 195/55ఆర్16 కార్ టైర్‌కి రిమ్ వెడల్పు కనీసం ఐదున్నర అంగుళాలు ఉండాలి. ఈ మెసేజ్‌కి ప్రాణమైన పాత గోల్డ్‌వింగ్ జీఎల్1800 వెనక రిమ్ వెడల్పు ఐదు అంగుళాలు. ఫార్వర్డ్ చేస్తున్నవాళ్ళలో చాలామంది దగ్గరున్నది అసలు గోల్డ్‌వింగే కాదు, రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650. దాని వెనక టైర్ 150/80-16, రిమ్ ఇంకా సన్నం. అక్కడికి కార్ టైర్ ఎలా పట్టిస్తారో ఆ మెసేజ్ రాసిన మహానుభావుడే వచ్చి చూపించాలి.

వానలో జారదన్నది తిరగేసి చదువుకోండి. వెడల్పుగా చదునుగా ఉండి మీద బరువు తక్కువున్న టైర్ నీటి మీద త్వరగా తేలుతుంది. గుండ్రటిది నీటిని పక్కలకి తోసుకుని నేలని అందుకుంటుంది.

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్ళు మండించిన పాయింట్. మిగతావన్నీ నీ బండి, నీ నడుము అని వదిలేయొచ్చు. దీన్ని వదల్లేను. మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు: "మీ దగ్గర్లోని ఏ పంచర్ షాపులోనైనా ఎక్కిస్తారు. బీడ్ కూర్చోకపోతే గాలి 80, 100 దాకా పెంచమనండి, టప్‌మని కూర్చుంటుంది."

టప్‌మని! ఎంత ముద్దుగా రాశారో.

బీడ్ అంటే రిమ్‌ని పట్టుకునే టైర్ లోపలి అంచు. కార్ రిమ్‌లో బీడ్ కూర్చునే గట్టు ఆకారం వేరు, మోటార్‌సైకిల్ రిమ్‌లో వేరు. రెండింటి మీదా పదహారు అంగుళాలనే రాసి ఉన్నా, కార్ టైర్ ఇక్కడ మొండికేస్తుంది. పైగా మనది సముద్రపు గాలి. రిమ్ లోపలి అంచున ఉప్పుకి పొక్కులు లేచి ఉంటాయి, అవి ఇంకాస్త అడ్డం పడతాయి. అందుకే గాలి పెంచమంటున్నారు. చాలా కార్ టైర్ల గోడ మీద కంపెనీవాళ్ళే రాస్తారు, బీడ్ కూర్చోబెట్టడానికి 40 పీఎస్ఐ దాటొద్దని. కార్ టైర్‌ని కార్ రిమ్‌కి ఎక్కించేటప్పుడే 40 దాటకూడదు. దానికి సంబంధం లేని రిమ్ మీద వీళ్ళు వంద కొట్టమంటున్నారు.

బీడ్‌లో రబ్బరు ఒక్కటే కాదు, లోపల ఉక్కు తీగల కట్ట ఉంటుంది. ఒక పక్క కూర్చుని, రెండో పక్క ఇరుక్కుని, లోపల గాలి పెరుగుతూ పోతే ఆ కట్ట తెగొచ్చు. తెగితే టైర్, రిమ్ ఎటు ఎగురుతాయో చెప్పలేం. ఆ సమయంలో చక్రం మీద వంగి, సబ్బు నీళ్ళు రాస్తూ, చెవి దగ్గర పెట్టి గాలి చప్పుడు వింటున్నది ఎవరు? పంచర్ షాపు కుర్రాడు. చేతికి గ్లవుజులు ఉండవు, కళ్ళకి అద్దాలు ఉండవు. గాజువాక వైపు లారీ టైర్లు చేసేవాళ్ళని అడగండి, గాలి కొడుతుండగా టైర్ పేలితే ఏమవుతుందో చెప్తారు. పెద్ద టైర్లకి చుట్టూ ఇనుప పంజరం పెట్టి గాలి కొట్టాలన్న పద్ధతి ఊరికే రాలేదు. మన సందు చివరి షాపులో పంజరం ఎక్కడుంది? ఉన్నది ఒక కంప్రెసర్, ఒక నీళ్ళ తొట్టి.

ఆ కుర్రాడు వద్దనొచ్చు కదా అంటారేమో. నలభై లక్షల బండి మీద వచ్చిన అన్న "ఏం కాదు తమ్ముడూ, కొట్టు, నేను చూసుకుంటా" అంటే వాడు కాదంటాడా? అన్న ఏం చూసుకుంటాడు? పక్కన టీ కొట్టు దగ్గర నిలబడి గ్రూపులో పెట్టడానికి ఫొటో తీస్తుంటాడు. ఆదా అన్న జేబులోకి, పేలితే తమ్ముడి మొహానికి. ఘాట్‌లో అయితే వెనక కూర్చున్న మనిషికి, ఎదురొచ్చిన స్కూటర్ వాడికి. ఈ మెసేజ్ లెక్కంతా ఇలాగే ఉంటుంది. మిగిలిన డబ్బు ఒకరిది, రిస్క్ మాత్రం అక్కడ లేనివాళ్ళది.

పేలకుండా టప్‌మని కూర్చుందే అనుకుందాం. వంద దాకా సాగదీసిన తీగలకి లోపల ఏమైందో బయటికి కనపడదు. దానిమీదే మీరు లంబసింగి వెళ్తారు.

ఇక అమెరికా. అక్కడ ఇలా తిరిగేవాళ్ళు ఉన్నారు, తమని తాము డార్క్‌సైడర్స్ అని పిలుచుకుంటారు. వాళ్ళలో చాలామంది ఏమీ కాకుండా వేల మైళ్ళు నడిపారన్నది కూడా నిజమే, నేను కాదనను. వాళ్ళ తిన్నటి హైవేల మీద ఆ టైర్ లోపాలు బయటపడే సందర్భాలు తక్కువ. చాలామంది వేసేది రన్‌ఫ్లాట్ రకం, గాలి పోయినా గోడ కూలిపోదు. బరువైన బండికి వెనక టైర్ హఠాత్తుగా దిగిపోతే ఎంత భయమో తెలిసినవాణ్ణి కాబట్టి ఆ ఒక్క లాభాన్నీ తీసిపారేయలేను. కానీ "ఒక్కడూ పడలేదు" అన్నది ఎవరు లెక్కపెట్టారు? పడినవాడు గ్రూపులో మంటల బొమ్మలు పెట్టి మెసేజ్ రాయడు కదా. డన్‌లప్, బ్రిడ్జ్‌స్టోన్ లాంటివి కార్ టైర్లూ చేస్తాయి, బైక్ టైర్లూ చేస్తాయి. ఏది కొన్నా డబ్బు వాళ్ళకే పోతుంది. అయినా కార్ టైర్ మోటార్‌సైకిల్‌కి వేయొద్దనే చెప్తాయి. ఇందులో దాచిన రహస్యం ఎక్కడుందో నాకైతే అర్థం కాలేదు.

ఒక చోట మాత్రం కార్ టైర్‌కే నేనూ ఓటేస్తాను. బండికి సైడ్‌కార్ కట్టించినా, వెనక రెండు చక్రాలు పెట్టి ట్రైక్ చేయించినా కార్ టైర్ వేసుకోండి. ఆ బండి మలుపులో వంగదు. వంగని బండికి గుండ్రటి టైరే దండగ, చదునుదే ఒప్పు. సైడ్‌కార్ వాళ్ళు ఎంతోకాలంగా చేస్తున్న పనే అది. మావాడికి ఇదే చెప్తే "సైడ్‌కార్‌లో ఎవర్ని కూర్చోబెట్టను?" అన్నాడు. మెసేజ్ రాసినాయన్ని కూర్చోబెట్టమన్నాను.

అరుగుదలే మీ అసలు సమస్య అయితే, బరువైన బండ్ల కోసం ఎక్కువ కాలం నడిచేలా చేసిన మోటార్‌సైకిల్ టైర్లే ఉన్నాయి: మెట్జెలర్ ఎంఈ 888, డన్‌లప్ ఎలీట్ 4, మిషలిన్ కమాండర్ 3. మీ బండి సైజులో వస్తున్నాయో లేదో కనుక్కోండి. కొనే ముందు ఇప్పుడున్న టైర్‌లో గాలి ఎంతుందో పొద్దున్నే, బండి తీయకముందు, మాన్యువల్‌లోని అంకెతో పోల్చి చూడండి. తక్కువ గాలితో తిప్పి టైర్లు త్వరగా అరుగుతున్నాయని ఏడ్చేవాళ్ళు మన గ్రూపుల్లోనే బోలెడుమంది. గేజ్ ఖరీదు కొన్ని వందలే.