కలిపిన పిండి తెల్లారేదాకా ఆగదు
కేక్ మిక్స్ రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే బేక్ చేసుకోవచ్చని ఒకరు సలహా రాశారు, ఆ ఒక్క మాటా ఒప్పుకోలేను. ప్యాకెట్‌లోనే బేకింగ్ పౌడర్ ఉంటుంది. తడి తగలగానే గ్యాస్ పుట్టడం మొదలై తెల్లారేసరికి కొంత పోతుంది. కేక్ సరిగా పొంగకపోవచ్చు, లోపల ముద్దగా మిగలొచ్చు. హైటెక్ సిటీ ట్రాఫిక్ దాటి ఎనిమిదింటికి ఇల్లు చేరేవాళ్లు రాత్రే బేక్ చేసేయడం మేలు. గిన్నెకు నెయ్యి రాసి మైదా చల్లుకుని, ఓవెన్ 180 డిగ్రీలకు వేడెక్కాకే మిక్స్‌లో పాలు పోయండి. ఉండలు పోతే చాలు, అదేపనిగా గిలక్కొడితే కేక్ గట్టిపడుతుంది. కుక్కర్‌లోనైతే రబ్బరు, విజిల్ తీసేసి, నీళ్లు పోయకుండా అడుగున స్టాండ్ పెట్టి, 10 నిమిషాలు వేడిచేశాక సన్నని సెగ మీద 35–40 నిమిషాలు. మొదటి 25 నిమిషాలు మాత్రం దయచేసి మూత తీయొద్దు, నడుమ కుంగిపోతుంది.