రక్తపరీక్ష సరే, మందు మారుతుందా?

నెల్లూరు, తిరుపతి నుంచి క్యాన్సర్ వైద్యానికి చెన్నై వచ్చే మనవాళ్ల చెవిన ఈమధ్య పడుతున్న కొత్త మాట లిక్విడ్ బయాప్సీ. గడ్డలోకి సూది గుచ్చి ముక్క తీసే పని లేకుండా, రెండు ట్యూబుల రక్తం తీసి, కణితి నుంచి అందులోకి వచ్చిపడిన డీఎన్ఏ తునకలను బట్టి ఏ మందు పనిచేయొచ్చో చెబుతారు. మంచిదే. కానీ వేలకు వేలు కట్టే ముందు ఒక్క మాట అడగాలి: రిపోర్టు వస్తే వైద్యం మారుతుందా?

మారే చోట్లు ఉన్నాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు బిళ్లలు మింగుతున్న మనిషికి రోగం మళ్లీ ముదిరితే, రక్తంలో టీ790ఎం అనే జన్యు మార్పు దొరికితే ఒసిమెర్టినిబ్ అనే మందుకు మార్చొచ్చు, ఆయాసంతో మంచం దిగలేని పెద్దాయనకు ఇంకో సూదిపోటు తప్పుతుంది. ఈ రకం రక్తపరీక్షకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే అనుమతిచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ రెండో దశలో ఉన్న 455 మందితో ఆస్ట్రేలియాలో చేసిన ట్రయల్ 2022లో ఇంకో సంగతి తేల్చింది. ఆపరేషన్ తర్వాత రక్తంలో డీఎన్ఏ చూసి నిర్ణయిస్తే 15 శాతం మందికే కీమో పడింది, మామూలు పద్ధతిలో 28 శాతానికి. అయినా రెండేళ్లకు రోగం తిరగబెట్టనివాళ్లు రెండువైపులా దాదాపు సమానమే.

అయితే నెగెటివ్ వచ్చిందని సంబరపడొద్దు. కొన్ని కణితులు, ముఖ్యంగా మెదడులోవి, రక్తంలోకి పెద్దగా డీఎన్ఏ వదలవు, అప్పుడు ముక్క పరీక్ష తప్పదు. రక్తం తీయడంలోనూ తిరకాసుంది: మామూలు ఈడీటీఏ ట్యూబులో తీసి గంటల తరబడి వదిలేస్తే తెల్లకణాలు పగిలి, వాటి డీఎన్ఏలో కణితిది కలిసిపోతుంది. ఊళ్లో తీసి బస్సులో పంపే శాంపిల్‌కు ప్రత్యేకమైన ట్యూబు కావాలి, ఈ సంగతి కలెక్షన్ సెంటర్ కుర్రాడికి తెలుసో లేదో!

ఏ జబ్బూ లేనివాళ్లకు హెల్త్ ప్యాకేజీ పేరుతో ఇలాంటివి అంటగట్టడం మాకు అసలు నచ్చని పని. లేనిపోని టెన్షన్ తప్ప అందులో ఏముంది? రోగులకు రాసేటప్పుడైనా, పాజిటివ్ అయితే ఇచ్చే మందేమిటో, దాని నెల ఖర్చెంతో డాక్టర్లు ముందే తెలుగులో చెప్పించాలి, ఎందుకంటే పరీక్షకు పొలం తాకట్టుపెట్టిన కుటుంబం మందు ధర విన్నాక ఇంటిదారి పడితే ఆ రిపోర్టు ఎవరికోసం?