మావాడి మెడలో ఉన్నది ఐడీ కార్డు కాదు

భోగి రోజు గుంటూరులో మన సంఘం పెట్టిన ప్రవాసుల భోగిపళ్ళకి మీలో చాలామంది వచ్చారు. రానివాళ్ళు గ్రూపులో వీడియో చూసే ఉంటారు. వరసగా కుర్చీలు, కుర్చీకో పిల్లాడు, మైకుతో యాంకరమ్మ. మూడో కుర్చీలో పట్టుపంచె కట్టుకుని రెండు చెవులూ మూసుకుని కూర్చున్నవాడు మావాడు. వచ్చే నెలకి ఐదు నిండుతాయి, అంటే వాడికి ఇవే చివరి భోగిపళ్ళు.

"పేరేంటి నాన్నా?" అని ఆవిడ మైకు నోటి దగ్గర పెట్టింది. మూడుసార్లు అడిగింది. మావాడికి మాటలు ఇంకా రావు, చెప్పాల్సింది బొమ్మల అట్ట చూపించి చెబుతాడు. మెడలో వేలాడే ఆ అట్టల్లో వెతుక్కుని ఎర్ర అరచెయ్యి ఉన్నది పైకెత్తి చూపించాడు. దానర్థం "చాలు". పాపం, మర్యాదగానే చెప్పాడు. "అబ్బో, ఐడీ కార్డు వేసుకొచ్చాడండీ! అప్పుడే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు!" అందావిడ. హాలంతా నవ్వింది. ఎదురుగా కెమెరా ఉంది కదా, నేనూ నవ్వాను. వాడు అదే అట్ట మళ్ళీ చూపించాడు. ఇంకా నవ్వారు. మూడోసారి చూపించలేదు, కుర్చీ దిగి గేటువైపు పరిగెత్తాడు. రేగిపళ్ళు, చిల్లర, చెరుకు ముక్కలు పళ్ళెంలోనే ఉండిపోయాయి.

ఆవిణ్ణి తప్పు పట్టను. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన నేనే, అందరి ముందూ ఎందుకులే అని ఊరుకున్నాను.

ఆ తర్వాత భోజనాల దగ్గర, పులిహోర వడ్డించుకుంటూ ఒక పెద్దావిడ, "రెండు భాషలు కలిపేస్తే పిల్లాడేం చేస్తాడమ్మా, ఇంట్లో తెలుగు మానెయ్యి" అని సలహా ఇచ్చారు. తెలుగు సంఘం బంతిలో కూర్చుని! రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. అమెరికాలో మావాడి స్కూల్లో స్పీచ్ థెరపిస్టు మొదటి రోజే ఆ మాట చెప్పి, మీకు ఏ భాష నోటికి హాయిగా వస్తే అందులోనే మాట్లాడండి అంది.

కొత్తగా అమెరికా వెళ్ళిన తల్లిదండ్రుల కోసం ఒక్క ముక్క. మాటల్లాంటివి ఆలస్యమైన మూడేళ్ళలోపు పిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్ (చిన్నప్పుడే అందించే సాయం) ఉంది. మూడు నిండాక బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, అంటే ఆ ప్రాంతపు బడుల్ని నడిపే సంస్థది. దీనికి మూలం 1975లో వచ్చిన చట్టం. పరీక్షలకీ, స్కూల్లో ఇచ్చే థెరపీకీ డబ్బు కట్టక్కర్లేదు, వీసా ఏదన్న ప్రశ్నే రాదు. పరీక్ష చెయ్యమని కాగితం మీద రాసి అడగండి. ఐఈపీ (పిల్లాడికి విడిగా రాసే చదువు ప్రణాళిక) మీటింగులో ఇంగ్లీషు తడబడుతుందనుకుంటే తెలుగు దుబాసీని అడిగే హక్కు మీకుంది. మావాడికి వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున స్పీచ్. చెవులు బాగానే వినిపిస్తున్నాయని తేల్చుకున్నాకే ఇదంతా మొదలైంది. మేం గుంటూరులో ఉన్న నెల్లాళ్ళూ థెరపీ లేదు, సెలవు మేం పెట్టుకున్నదే కాబట్టి.

లేదనుకున్నాను, అంతే.

బ్రాడీపేటలో మా అమ్మ ఇంట్లో మొదటి రెండు రోజులూ నేను భయపడినట్టే గడిచాయి. వస అరగదీసి నాలిక మీద రాస్తానంది. ఒప్పుకోలేదు, దాని మీద పెద్ద గొడవే అయింది. చిలక కొరికిన జామకాయ తినిపిస్తే మాటలొస్తాయంది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా పొద్దున్నే పెరట్లో చెట్టు కింద కొరికిన కాయల కోసం వెతికింది నేనే. బాగా కడిగి పెట్టాన్లెండి.

మూడో రోజు అమ్మ ఆ అట్టలు ఏమిటని అడిగింది. చెప్పాను. ఏమీ అనలేదు. సాయంత్రానికి సంగం పెరుగు ప్యాకెట్ కడిగి, ఆరబెట్టి, బొమ్మ వరకూ కత్తిరించి, పాత క్యాలెండర్ అట్టకి అన్నం మెతుకులతో అతికించింది. మర్నాడు పదకొండింటికి వాడు ఆ అట్ట తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. మంట ఆపేసి లేచి పెరుగన్నం కలిపింది. ఇంకో గంటలో భోజనమే కదమ్మా అన్నాను.

"వాడు అడిగాడుగా. ఇప్పుడు పెట్టకపోతే మళ్ళీ అడుగుతాడా?"

ఈ మాట నా బుర్రకెక్కించడానికి అక్కడ థెరపిస్టుకి మూడు నెలలు పట్టింది.

మన ఊళ్ళో ఏముందిలే అని నేనూ అంటూ ఉంటాను. మా వాచ్‌మన్ మనవడు భవిత కేంద్రానికి వెళ్తాడని ఈసారే తెలిసింది. సర్కారు బడుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సహిత విద్య అక్కడే. మన దేశంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇరవై ఒక్క రకాల వైకల్యాలు ఉన్నాయి, ఆటిజం కూడా. అన్నిచోట్లా ఫిజియోథెరపీ, స్పీచ్ సరిగా అందుతాయని అనను. మీవాడు మాట్లాడడేంటి అని మొహం మీద అడిగేవాళ్ళూ ఇక్కడే ఎక్కువ. అమెరికాలో ఎవరూ అడగరు, మెల్లగా పుట్టినరోజులకి పిలవడం మానేస్తారు. ఏది నయమో తేల్చమంటే నా ఓటు గుంటూరుకే. అడిగినవాళ్ళకి కనీసం జవాబు చెప్పొచ్చు.

కార్యవర్గానికి నేను అడిగేది పెద్దదేమీ కాదు. మైకు కావాలని చెయ్యి చాచిన పిల్లలకే మైకు ఇవ్వండి. పేరు నమోదు కాగితంలో "మీ బాబు, పాప గురించి మాకు తెలియాల్సింది ఏమైనా ఉందా" అని ఒక్క గడి పెట్టండి. స్పీకర్లకి దూరంగా నాలుగు కుర్చీలు వెయ్యండి. అట్ట చూపించే పిల్లాడు కనబడితే అట్ట మీద ఏముందో చూడండి.

వచ్చే ఏడు మావాడికి భోగిపళ్ళు ఉండవు. కానీ ఆ రోజు వాడి వెనక పరిగెత్తి గేటు దగ్గరికి వెళ్ళేసరికి, అక్కడ ఇంకొకామె రెండేళ్ళ పాపని ఎత్తుకుని నిలబడి ఉంది. పాప చెవులు తన అరచేతులతో మూసి పట్టుకుంది. లోపలికి రాలేదు. ఆవిడ నంబరు తీసుకోవాలన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. ఇది చదువుతుంటే ఫోన్ చెయ్యమ్మా, పత్రికవాళ్ళ దగ్గర నా నంబరు ఉంది.