రాజుగారి కారుకు పీఠం, రోడ్డు రోలరుకు తుక్కు ధర

ప్రభుత్వ కార్యాలయాల్లో పేరుకుపోయిన చెత్తను వదిలించుకోవడం తప్పు కాదు. 2021 నుంచి ఏటా అక్టోబరులో కేంద్రం నడుపుతున్న ప్రత్యేక కార్యక్రమం పుణ్యమా అని విరిగిన కుర్చీలు, చెదలు తిన్న ఫైళ్లు గదులు ఖాళీ చేస్తున్నాయి. పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదన్న నిబంధన సంగతీ పాఠకులకు తెలుసు. మా ఆందోళన వేరు. ఈ ఊపులో ప్రజాపనుల శాఖల వెనక దొడ్లలో తుమ్మచెట్ల మధ్య తుప్పు పడుతున్న ఆవిరి రోడ్డు రోలర్లు విరిగిన కుర్చీల జాబితాలో చేరితే అడ్డుకునే నాథుడు లేడు. గ్యాస్ కట్టర్‌తో ఒక పూట పని. లారీకెత్తితే మరునాటికి కొలిమి.

వారసత్వ వాహనాల మీద ఈ ప్రభుత్వాలకు ప్రేమ లేదనుకుంటే పొరపాటు. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలే తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే చాలు. రూ.20 వేలు కట్టి పదేళ్లకు రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, ప్రత్యేక నంబరు పలక తగిలించుకోవచ్చు. మంచిదే. అయితే ఆ నిర్వచనం రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకే. ఆవిరి రోలరుకు ముందొక రోలు, వెనక రెండు భారీ చక్రాలు. లెక్క మూడు! ఒక చక్రం తక్కువైన పాపానికి అది వారసత్వం కాకుండా పోయింది. రాసినవారు కావాలని వదిలేశారని మేము అనడం లేదు. వారి మనసులో వింటేజ్ అంటే సంపన్నుల షెడ్డులో మెరిసే కారు మాత్రమే మెదిలిందని అంటున్నాం. అదే అసలు జబ్బు.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్ రాయిస్ ముందు నిలబడి ఫొటోలు దిగుతాం. అటువంటి కార్లు నడవడానికి రోడ్డును చదును చేసిన యంత్రం కనిపిస్తే కిలో ఎంతని అడుగుతాం.

నీటిని ఆవిరి చేసే బాయిలర్ పాతబడితే ప్రమాదం, దాచడానికి చోటు లేదు, మరమ్మతుకు నిధులు లేవు అని అధికారులు చెబుతారు. ప్రమాదం మాట నిజమే. కానీ నిప్పు రాజేయమని ఎవరూ అడగడం లేదు. చల్లారిన బాయిలర్ పేలదు. ఇక పది పన్నెండు టన్నుల ఇనుముకు ఒక రేకుల షెడ్డు వేయలేని శాఖ రోడ్లు, వంతెనలు ఎలా కడుతున్నదో మాకు అర్థం కాదు.

ఇది తెల్లవాడి యంత్రం, మనదెలా అవుతుందని అడిగేవారికి కాస్త చరిత్ర చెప్పాలి. 1860ల తొలి సంవత్సరాల్లో కలకత్తాలో పనిచేస్తున్న ఇంజనీరు విలియం క్లార్క్ బర్మింగ్‌హామ్‌కు చెందిన బాథోతో కలిసి ఆవిరి రోలరును రూపొందించాడు. ప్రపంచంలోని తొలి ఆవిరి రోలర్లలో ఒకటి దిగింది కలకత్తాలోనే. ఏవ్లింగ్ పోర్టర్ అనే బ్రిటిష్ కంపెనీ రోలర్లు లోకమంతా పాకింది ఆ తర్వాతే. 1870ల ఆరంభంలో క్రాంప్టన్ అనే యువ సైనికాధికారి వైస్రాయ్ మేయోను ఒప్పించి, గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద పట్టాలు లేని ఆవిరి బండ్లు నడపడానికి పూనుకున్నాడు. స్కాట్లండ్‌కు చెందిన థామ్సన్ రూపొందించిన, రబ్బరు తొడుగు చక్రాల ఇంజన్లవి. వాటికి పంజాబు నదుల పేర్లే పెట్టారు. అందులో ‘రావీ’ని 1871లో ఇప్స్‌విచ్ నుంచి ఎడిన్‌బరో వరకు రోడ్డు మీద నడిపి, వెనక్కి తెచ్చి మరీ పరీక్షించారు. ఇప్పుడు మన ఇళ్ల పైకప్పుల కింద తిరుగుతున్న ఫ్యాన్ల మీద ఉన్న క్రాంప్టన్ పేరు ఆయనదే. ఫ్యాను గుర్తుంది, బండి గుర్తులేదు.

స్వాతంత్య్రం వచ్చాక కూడా ఈ కథ ముగియలేదు. ఇవాళ టాటా మోటార్స్‌గా పిలుస్తున్న సంస్థ 1948లో మార్షల్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ సహకారంతో ఆవిరి రోడ్డు రోలరును తయారు చేసింది. ఆ సంస్థ లారీలు మొదలైంది 1954లో. మన రోడ్ల మీద టాటా లారీ కన్నా టాటా రోలరు వయసులో పెద్దది! దేశీయ పరిశ్రమ గొప్పదనం గురించి వేదికలెక్కి మాట్లాడే మంత్రులకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

ఈ యంత్రం నిర్మాణమూ తెలుసుకోదగ్గదే. కారుకు ఉన్నట్టు దీనికి వేరే చట్రం ఉండదు. బాయిలరే వెన్నెముక. సిలిండరు దాని నెత్తిన, చక్రాల బరువు దాని పక్క పలకల మీద. అందుకే కట్టరు బాయిలర్‌ను తాకిందంటే తిరిగి అతికించేందుకు ఏమీ మిగలదు. కంకర పరిచి, మొరం చల్లి, నీళ్లు పోసి, మనిషి నడక కన్నా మెల్లగా ముందుకూ వెనక్కూ తిరిగి రోడ్డును బిగించిన పద్ధతి ఈ ఇనుములోనే ఉంది. బొగ్గు వేసిన ఖలాసీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వారి శ్రమకు మిగిలిన సాక్ష్యం ఇదొక్కటే.

తుక్కు దొడ్డిలో నిధి దొరకదని అనేవారు పాటియాలా ఉదంతం చదవాలి. ఒకే పట్టా మీద నడుస్తూ, పడిపోకుండా పక్కన ఒక చక్రాన్ని రోడ్డు మీద ఆనించుకునే విచిత్రమైన ఆవిరి బండిని ఆ సంస్థానం 1927 వరకు నడిపింది. తర్వాత అందరూ మరిచిపోయారు. 1962లో దాని అవశేషాలు ఎక్కడ దొరికాయి? అక్కడి ప్రజాపనుల శాఖ దొడ్డిలో! అమృత్‌సర్ రైల్వే వర్క్‌షాపులో బాగుచేశారు. ఇవాళ ఢిల్లీ జాతీయ రైల్వే మ్యూజియంలో జనం బారులు తీరి చూస్తున్నారు. అప్పట్లో ఒక చురుకైన అధికారి దొడ్డి శుభ్రం చేసి ఉంటే అదీ ఉండేది కాదు.

ఇక్కడా అదే రెండు నాల్కల ధోరణి. పట్టాల మీద నడిచిన ఆవిరికి పాత ఇంజన్లను కాపాడే రేవాడీ షెడ్డు ఉంది, 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజన్ ఉంది, డార్జిలింగ్ రైలుకు 1999లో యునెస్కో గుర్తింపు ఉంది. రైల్వే ఇంజన్ల బాయిలర్లకు బాయిలర్ల చట్టం నుంచి మినహాయింపు కూడా ఉంది. రోడ్డు మీద నడిచిన ఆవిరికి షెడ్డు లేదు, మినహాయింపు లేదు, లెక్క కూడా లేదు. రైల్వేకు ఒక న్యాయం, రోడ్డుకు ఒక న్యాయమా?

బ్రిటన్‌లో ప్రభుత్వం ముందుగా మేల్కొన్నదేమీ లేదు. అక్కడా ఈ ఇంజన్లను కుప్పలుగా తుక్కు చేశారు. 1950లో ఒక రైతు తన పాత ఇంజన్‌తో పొరుగువాడి ఇంజన్‌కు పందెం కట్టాడు, అదీ బీరు పీపా కోసం. ఆ సరదా నుంచే 1954లో సంరక్షణ సంఘం పుట్టింది. ఇవాళ అక్కడ రెండు వేలకు పైగా ఆవిరి రోడ్డు ఇంజన్లు బతికి ఉన్నాయి. మనకు బీరు పీపా అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. ఆవిరి రోలరు పేరున్న ప్రతి వేలాన్నీ ఆపండి. రెండు తెలుగు రాష్ట్రాల రోడ్లు భవనాల శాఖలు డివిజన్ల వారీగా జాబితా ప్రకటించాలి. కేంద్రం నిర్వచనంలో మూడు చక్రాలకూ చోటివ్వాలి. ఇంజనీరింగ్ కళాశాలలు అడిగితే ఉచితంగా ఇవ్వాలి. మ్యూజియం పేరుతో కోట్ల అంచనాలు వేసుకుని కాలక్షేపం మాత్రం చేయవద్దు.

తుక్కు టెండరు మీద సంతకం పెట్టే ఇంజనీర్లకు ఒక మాట. పెన్ను తీసే ముందు దొడ్డిలోకి వెళ్లి ఆ యంత్రం మీద తయారీ పలక చదవండి. ఏవ్లింగ్ రోలరైతే బాయిలర్ ముందుండే పొగపెట్టె మీద ముందరి కాళ్లెత్తిన ఇత్తడి గుర్రం ఉండాలి. ఉన్నదా? పలకా, గుర్రమూ రెండూ ఊడిపోయి ఉంటే అవి ఎవరి హయాంలో పోయాయో, ఎవరి కాపలాలో పోయాయో ముందు విచారణ జరిపి ప్రజలకు చెప్పండి. వేలం సంగతి తర్వాత.