గ్రామసభలో నోరు విప్పడానికి సర్పంచ్ అనుమతి కావాలా?

"గ్రామసభకు ఎవరైనా రావచ్చు, మాట్లాడే హక్కు మాత్రం వార్డు మెంబర్లదే. మిగతావాళ్లు సర్పంచ్ అనుమతి తీసుకోవాలి. అసలు ఆ తీర్మానాలకు విలువే లేదు." ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది. మా గ్రూపులో చదువుకున్నవాళ్లు కూడా దానికి దండాలు పెట్టేశారు.

వార్డు మెంబర్లదే హక్కు అన్న మాట దగ్గరే లెక్క తప్పింది. రాసినాయన రెండు మీటింగులను కలిపేశాడు. నెలనెలా జరిగే పాలకవర్గ సమావేశంలో చర్చించేది, ఓటేసేది సర్పంచ్, వార్డు సభ్యులే. అక్కడ మనం మైకు అడగలేం, నిజమే. గ్రామసభ అది కాదు. రాజ్యాంగం 243(బి) ప్రకారం ఊరి ఓటరు జాబితాలో పేరున్న వాళ్లందరూ కలిస్తేనే గ్రామసభ. 73వ సవరణ అమల్లోకి వచ్చిన 1993 ఏప్రిల్ 24 నుంచీ ఇంతే. ఓటున్న కూలీ ఎంత సభ్యుడో, వార్డు మెంబరూ అంతే.

ఇక అనుమతి సంగతి. సభ నడిపేవాళ్లు "ఒక్కొక్కరే మాట్లాడండి" అనొచ్చు, వరస పెట్టొచ్చు. ముందే పర్మిషన్ తెచ్చుకోమనడం మాత్రం కొత్త కథ. తెలంగాణలో 2025 జనవరి 21 నుంచి 24 దాకా రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాల మీద గ్రామసభలు జరిగాయి. అప్పటికి సర్పంచుల పదవీకాలం ముగిసి ఏడాది కావస్తోంది, ఊళ్లలో ప్రత్యేకాధికారుల పాలన. అనుమతి ఇవ్వడానికి సర్పంచే లేడు! అయినా జనం "మా పేరేది?" అని అధికారులను నిలదీశారు.

తీర్మానానికి విలువ లేదన్నది సగం నిజం, అందుకే జనం సులభంగా నమ్ముతున్నారు. మామూలు ఊళ్లలో గ్రామసభ చెప్పిందల్లా పంచాయతీ చేసి తీరాలని లేదు. అలాగని పక్కన పడేయడానికీ లేదు. లెక్కలు, ఆడిట్ రిపోర్టు, కొత్త పన్నులు, లబ్ధిదారుల ఎంపిక సభ ముందుకు రావాలని ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమే చెప్పింది. సభ ఇచ్చిన సూచనలను పంచాయతీ పరిశీలించాల్సిందే. గిరిజన ప్రాంతాల్లో ఈ బలం ఇంకా ఎక్కువ. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ తవ్వకాల సంగతి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ జులై, ఆగస్టుల్లో పన్నెండు పల్లెలు సభ పెట్టుకున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. తవ్వకాలకు కేంద్రం అనుమతి నిరాకరించింది.

నాకు ఈ మెసేజ్ కన్నా భయం వేసేది తీర్మానాల పుస్తకం. ఒకసారి మా ఊళ్లో సభ మొదలవకముందే పుస్తకం చేతులు మారుతూ వచ్చింది. పైన తేదీ, కింద వేలిముద్రలు, మధ్యలో అంతా తెల్లకాగితం. "తర్వాత రాసుకుంటాంలే అన్నా, ముందు సంతకం పెట్టు" అన్నాడు పుస్తకం తెచ్చిన కుర్రాడు. నా పక్కనున్న పెద్దాయన పెట్టేశాడు. వీధి లైట్ల గురించి అడగాలని వచ్చిన మనిషి, సంతకం అయ్యాక పని అయిపోయిందనుకుని లేచి వెళ్లిపోయాడు.

రాసిందేమిటో చదివి వినిపించమని అడిగాకే సంతకం పెట్టండి. తర్వాత తీర్మానం నకలు కావాలంటే సమాచార హక్కు కింద పంచాయతీలో దరఖాస్తు ఇవ్వొచ్చు. గ్రామస్థాయిలో దానికి దరఖాస్తు రుసుము లేదు.