ఒక జత తొడుగులు, వాడినవి, మంచి స్థితిలో

రోడ్లు భవనాల శాఖలో రిటైరైన మనిషికి పాత కట్టడాలు చూపించబోతే ఆయన చూడడు, తనిఖీ చేస్తాడు. మా బాబాయి, పిన్ని జూన్‌లో కాకినాడ నుంచి టాలిన్ వచ్చారు. నేను ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఎస్టోనియా మొత్తం చూపించే పూచీ నాది.

మొదట టౌన్‌హాల్. 1404లో పూర్తయింది. "ఆరు వందల ఏళ్లు దాటింది బాబాయ్" అన్నాను గర్వంగా, నేనే కట్టించినట్టు. ఆయన వేలి కణుపులతో గోడను రెండుసార్లు తట్టి, "సున్నపురాయి. ఫర్వాలేదు" అని సర్టిఫికెట్ ఇచ్చేశారు. ఆ కూడలిలోనే ఒక మందుల షాపుంది. 1422 నాటికే ఉన్నట్టు రికార్డుల్లో కనిపిస్తుంది, ఇప్పటికీ మందులు అమ్ముతారు. పిన్ని అక్కడ జలుబు మాత్రలు కొని, నా చెవిలో "ఎక్స్‌పైరీ ఒకసారి చూడరా" అంది.

తార్తూ అనే ఊళ్లో వాలిన ఇల్లు చూపించడమే మా కొంప ముంచింది. 1793లో కట్టిన ఆ ఇంటికి ఒక పక్క పాత ప్రాకారం పునాది, రెండో పక్క కర్ర దుంగలు ఆధారం. రాయి అలాగే ఉంది, దుంగలు పాడయ్యాయి, ఇల్లు ఒరిగింది. ఇప్పుడందులో ఆర్ట్ మ్యూజియం నడుస్తోంది. నేను ఇంకా నోరు విప్పకముందే బాబాయి తల ఒక పక్కకు వంచి చూసి, "ఇటువైపు కర్ర పైల్స్ ఉంటాయి, పుచ్చిపోయాయి" అనేశారు. ఆ తర్వాత ట్రిప్ అయ్యేదాకా ఆయన మాటకు ఎదురు చెప్పే అర్హత మాకెవరికీ లేకుండా పోయింది.

ఇక దివాణాలు. టాలిన్‌కు తూర్పున లాహెమా అనే అడవి ప్రాంతం ఉంది. 1971లో సోవియట్ యూనియన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కుగా ప్రకటించింది దీన్నే. పాల్మ్‌సె, సగాది, విహుల వంటి మేనర్ హౌస్‌లు ఇక్కడ ఒకదానికొకటి దగ్గరదగ్గరగా ఉంటాయి. చెట్ల వరసల మధ్య దారి, ముందు పచ్చిక, ఎదురుగా పెద్ద భవంతి, పక్కన గుర్రపుసాల, ధాన్యపు కొట్లు, సారా బట్టీ. అవును, సారా బట్టీ. ఇక్కడి జర్మన్ జమీందార్లలో చాలామందికి సారా మీద మంచి రాబడి ఉండేది. రష్యాలో పీటర్స్‌బర్గ్ దాకా పంపేవారు, బట్టీలో మిగిలిన మడ్డి పశువులకు పెట్టేవారు. ఈ సంగతి విన్నాక బాబాయి మొదటిసారి జమీందార్లను మెచ్చుకున్నారు. "వేస్టేజ్ లేదురా."

పాల్మ్‌సె దివాణం ఫాన్ డెర్ పాలెన్ కుటుంబం చేతిలో 1677 నుంచి 1923 దాకా ఉంది. 1919లో ఎస్టోనియా భూసంస్కరణ చట్టం తెచ్చి జమీందార్ల భూములు తీసుకుని రైతులకు పంచింది. "మన దగ్గర మద్రాసు వాళ్ల జమీందారీ రద్దు చట్టం 1948లో కదూ, వీళ్లు దాదాపు ముప్ఫై ఏళ్లు ముందు" అని బాబాయి లెక్క కట్టారు. భూమి పోయాక అంతంత భవంతులు ఏం చేసుకోవాలి? చాలావాటిలో బడులు పెట్టారు. కొన్నిట్లో ఈనాటికీ పిల్లలు చదువుకుంటున్నారు, జమీందారు డాన్సు చేసిన హాల్లో ఎక్కాలు వల్లె వేస్తూ.

అసలు గొడవ జరిగిన దివాణం పేరు మాత్రం చెప్పను. అక్కడ మా పేరు మీద ఇంకా ఏదో బాకీ ఉండొచ్చు.

లోపలికి వెళ్లేముందు గుమ్మం దగ్గర ఒక బుట్ట. అందులో బూట్ల మీద తొడుక్కునే బూడిదరంగు ఫెల్ట్ తొడుగులు. పాత చెక్క నేల గీతలు పడకూడదట. నున్నటి నేల మీద మెత్తటి ఫెల్ట్. పిన్ని గోడ పట్టుకుని నడిచింది. బాబాయి నడవలేదు, ప్రయాణించారు. ఒక తోపుకు కిటికీ దగ్గర్నుంచి పియానో దాకా వచ్చేశారు. తర్వాత గదిలో తెల్లటి పలకలు అతికిన నిలువెత్తు పొయ్యి కనిపించేసరికి మాత్రం ఆగిపోయారు. గోడలో ఇమిడిన పొయ్యి రెండు గదుల్ని వేడి చేస్తుంది, దాని నోరేమో బయట నడవాలో ఉంది. కట్టెలు వేసే పనివాడు దొరగారి గదిలోకి అడుగుపెట్టక్కర్లేదు. ఆ పొయ్యి చుట్టూ తిరిగి, పొగ ఎటు పోతుందో నాకు గాలిలో బొమ్మ గీసి చూపిస్తూ, అదే ఊపులో బయటికి వచ్చి కారెక్కారు.

ఇరవై నిమిషాల్లో రెండో దివాణం చేరాం. అక్కడా తొడుగుల బుట్ట ఉంది. టికెట్లు ఇచ్చే ఆవిడ బాబాయి కాళ్లవైపు చూసి, మెచ్చుకోలుగా తలాడించింది. మాకు అర్థం కాలేదు. అంతా చూసి తిరిగొచ్చేటప్పుడు ఆవిడ బుట్ట చూపించింది, అందరం తీసి అందులో పడేశాం.

కారు స్టార్ట్ చేశాక పిన్ని నెమ్మదిగా అడిగింది. "ఏవండీ, ఇక్కడ మీకు తొడుగులు ఎవరిచ్చారు?"

నేను ఇంజన్ ఆపేశాను.

ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. బాబాయి సర్వీసంతా స్టోర్ రిజిస్టర్ చూసిన మనిషి. ఒక సంస్థ ఆస్తి ఇంకో సంస్థ బుట్టలో పడి ఉంటే ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టదు. వెనక్కి వెళ్లి బుట్ట ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో జతా తొడిగి చూడడం మొదలుపెట్టారు. "నా కాలికి తెలుస్తుందిరా." చివరికి ఒక జత చంకలో పెట్టుకుని లేచారు. ఎస్టోనియా వాళ్లు అనవసరంగా మాట్లాడరు. ఆవిడ మాట్లాడలేదు, కానీ లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది.

నాకు వచ్చిన ఎస్టోనియన్ కిరాణా షాపులో పాలు, గుడ్లు అడగడానికి సరిపోతుంది. దాంతోనే తంటాలు పడుతుంటే బాబాయి టికెట్ వెనకాల ఇంగ్లీషులో ఒక వోచర్ రాశారు: ఒక జత ఫెల్ట్ తొడుగులు, వాడినవి, మంచి స్థితిలో, సొంతదారుకు తిరిగి అప్పగించే నిమిత్తం బదిలీ చేయడమైనది. కింద తన సంతకం, తేదీ, ఆవిడ సంతకానికి చుక్కల గీత. ఆవిడ రెండుసార్లు చదివి, కళ్లద్దాలు పెట్టుకుని, సంతకం చేసింది. కాపీ కావాలని అడిగింది కూడా. బాబాయి కళ్లల్లో ఆమె పట్ల అపారమైన గౌరవం కనిపించింది. "వీళ్ల దేశం బాగుపడుతుందిరా."

మొదటి దివాణానికి చేరేసరికి ఆరు కావస్తోంది. ఎండ మాత్రం మధ్యాహ్నంలా కాస్తోంది. జూన్‌లో ఇక్కడ సూర్యుడు రాత్రి పదిన్నర దాకా దిగడు. తలుపు తాళం వేస్తున్న అమ్మాయికి బాబాయి తొడుగులు రెండు చేతులతో అందించారు. ఆ అమ్మాయి వాటిని తిరగేసి, లోపలి అంచు చూసి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది.

"ఇవి మావి కావు."

లోపల స్కెచ్ పెన్నుతో ఏదో రాసి ఉంది. ఇంకో జిల్లాలోని ఒక బడి పేరట. అది కూడా ఒకప్పటి దివాణమేనట. ఆ బడి తొడుగులు రెండో దివాణానికి ఎలా వచ్చాయో, మా బాబాయిలాంటి వాళ్లు ఈ దేశంలో ఎంతమంది తిరుగుతున్నారో ఆ అమ్మాయికి తెలియదు.

"ఎంత దూరంరా?" అన్నారు బాబాయి.

"వంద కిలోమీటర్ల పైనే."

ఆయన ఆకాశం వైపు చూశారు. "ఇంకా బోలెడు వెలుతురుందిగా."

పిన్ని అప్పటికే కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంది. అద్దం దించి అంది, "బళ్లకి వేసవి సెలవులండీ. తాళాలేసి ఉంటాయి."

బాబాయి తొడుగులు చంకలో పెట్టుకుని ఒక నిమిషం ఆలోచించారు.

"అయితే ఆ హెడ్‌మాస్టరు గారి ఇల్లెక్కడో కనుక్కోరా."