ఇంకాస్త నల్లటి నిశ్శబ్దం కోసం

నా డిస్క్ ప్లేయర్‌కి అప్‌గ్రేడ్ వచ్చింది. తయారుచేసిన కంపెనీవాళ్ళే మెయిల్ పెట్టారు. అంకెల్ని శబ్దంగా మార్చే డాక్ బోర్డు ఊడదీసి, కొత్త తరం బోర్డు బిగిస్తారట. బిగించాక, సంగీతానికీ నాకూ మధ్య ఇన్నాళ్ళుగా వేలాడుతున్న తెర తొలగిపోతుందట.

ఇరవై కిలోల అల్యూమినియం పెట్టె అది. తెచ్చిన రోజే నడుం పట్టేసింది కాబట్టి దాని నాణ్యత మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు. ఈమధ్య మాత్రం డిస్కు పెట్టగానే గుర్తుపట్టడం లేదు, ట్రే రెండుమూడు సార్లు తెరిచి మూయాల్సి వస్తోంది. అది చిన్న సంగతి, తర్వాత చూసుకోవచ్చు. ముందు తెర సంగతి తేలాలి.

ఈ ప్లేయర్ కొన్నప్పుడు ఒక తెర తొలగింది. పవర్ కేబుల్ మార్చినప్పుడు ఇంకో తెర. అడుగున మూడు ఇత్తడి మొనలు పెట్టినప్పుడు మరొకటి. ఇన్ని తీశాక కూడా ఇంకా ఒకటి మిగిలే ఉందంటే, నేను ఇన్నాళ్ళూ విన్నది పాటనా, బట్టల మూటనా? పైగా ఆ తెర అక్కడుందని అమ్మిన రోజు ఒక్కరూ చెప్పలేదు. ఆ రోజు "స్టూడియోలో కూర్చుని విన్నట్టే" అన్నారు. తెర సంగతి, దాన్ని తీసే బోర్డు తయారయ్యాకే బయటపడుతుంది. మందు ముందు, రోగం తర్వాత.

సరే, తొందరపడకుండా శాస్త్రీయంగా ఆలోచిద్దామని కూర్చున్నాను. 1982లో అమ్మకానికొచ్చిన సీడీ అంటే వట్టి లెక్కల పుస్తకం. ఒక్కో చానెల్లో సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, కొలిచిన ప్రతిసారీ 16 బిట్లలో రాసుకుంటుంది. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి 20 వేల కంపనాలు, దాటితే వినపడదు, దానికి రెట్టింపుకి మించి కొలిస్తే చాలు కాబట్టి ఆ లెక్క సరిపోతుందన్నారు. ఆ 20 కూడా పిల్లల చెవుల సంగతి. నా చెవులు పై అంతస్తులు ఎప్పుడో ఖాళీ చేసేశాయి. ఇప్పుడు నేను ఆ ఖాళీ గదులకి రంగులు వేయించాలా వద్దా అని ఆలోచిస్తున్నానన్నమాట.

2007లో మేయర్, మోరాన్ అని ఇద్దరు ఒక పరీక్ష చేశారు. సీడీని మించినవని పేరున్న ఎస్‌ఏసీడీ, డీవీడీ ఆడియో డిస్కులు పెట్టి, ఆ శబ్దాన్ని ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ స్థాయికి కుదించి వినిపించారు. ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వచ్చేది. ఈ ముక్క మా మిత్రుడికి చెబితే జాలిగా చూశాడు. "అది ఫార్మాట్‌కి పెట్టిన పరీక్షరా, ప్లేయర్‌కి కాదు. పైగా వాళ్ళవి ట్రైన్ అయిన చెవులు కావేమో," అన్నాడు. మొదటి మాట నిజమే. రెండో మాటకి మందు లేదు. తేడా వినపడిందంటే బోర్డు గొప్పది. వినపడలేదంటే నీ చెవి తక్కువది. బోర్డు ఓడిపోయే దారే లేదు!

ఈ మిత్రుడు నాకన్నా ముందే అప్‌గ్రేడ్ చేయించుకున్నాడు. వినిపిస్తానని మమ్మల్ని పిలిచాడు. నలుగురం వెళ్ళాం. నలుగురమూ జీవితంలో ఏదో ఒక బాధ్యత మోస్తున్న పెద్దమనుషులమే. కర్టెన్లు వేశాడు, ఫోన్లు ఆఫ్ చేయించాడు.

"పాట సంగతి తర్వాత. ముందు నిశ్శబ్దం వినండి," అన్నాడు.

ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు రెండు సెకన్ల ఖాళీ ఉంటుంది చూశారూ, అది వినిపించాడు. మళ్ళీ వెనక్కి తిప్పి మళ్ళీ వినిపించాడు. "నలుపు చూశారా?" అన్నాడు. ఒకాయన కళ్ళు మూసుకుని "ఇదివరకు కొంచెం బూడిద రంగులో ఉండేది" అన్నాడు. ఇంకొకాయన "నలుపే కానీ అంచుల్లో ఇంకా చిక్కబడాలి, బోర్డు రెండొందల గంటలు ఆడితే గానీ తెరుచుకోదు" అన్నాడు. నేనూ తలాడించాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను. ఎనిమిదోసారో తొమ్మిదోసారో వింటుండగా అందరి ముఖాలూ ఒక్కసారి వెలిగిపోయాయి. ఆహా, ఇదీ నలుపంటే! అగాధంలాంటి నలుపు. బూడిద రంగాయన చొక్కా చెయ్యి పైకి లాగి రోమాలు నిక్కబొడుచుకున్నాయని చూపించాడు.

పక్కగదిలో ఫ్రిజ్ ఆగింది. అంతే జరిగింది. పావుగంట తర్వాత అది మళ్ళీ గుర్రుమనేసరికి, నిశ్శబ్దంలో ఏదో "గ్రెయిన్", అంటే గరుకుదనం, వచ్చిందని కేబుల్ మార్చారు.

అదే డిస్కు నా దగ్గరా ఉంది. ఇంటికొచ్చి కంప్యూటర్లో వేసి చూశాను. ఆ రెండు సెకన్లలో ఉన్నవి సున్నాలు. సున్నా తర్వాత సున్నా.

పాట మాత్రం బాగానే వినిపించింది, అబద్ధమెందుకు. తర్వాత స్పెసిఫికేషన్లు చదివితే పాత బోర్డు ఇచ్చేది 2 వోల్టులు, కొత్తది 2.3. అంటే దాదాపు 1.2 డెసిబెల్ ఎక్కువ. కొంచెం గట్టిగా వినిపించేది ఏదైనా చెవికి ఇంపుగానే ఉంటుంది. వాల్యూమ్ నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పడానికి ఇంత ఖర్చా అని అడగబోయి ఊరుకున్నాను. అతి మెల్లటి శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య 96 డెసిబెళ్ళ చోటిచ్చిన డిస్కు మీద ఈరోజుల్లో పాటని ఇస్త్రీ చేసినట్టు చదునుగా నొక్కేసి అచ్చేస్తున్నారు కదా, ఆ నలిగిన పాటని ఏ బోర్డు సరిచేస్తుందని కూడా అడగలేదు.

ఈలోపు నా ప్లేయర్ డిస్కుల్ని గుర్తుపట్టడం పూర్తిగా మానేసింది. "నో డిస్క్" అంటుంది. చేతిలో ఉన్నది డిస్కు కాక మరేమిటి? కంపెనీకి ఫోన్ చేశాను. డిస్కుని చదివే లేజర్ పికప్ పోయిందండీ, ఆ భాగం ఇప్పుడు రావట్లేదు, స్టాకు అయిపోయింది అన్నారు.

ఇక్కడ నాకు నవ్వు రావట్లేదు. గీత పడి రెండు మిల్లీమీటర్లు చెరిగిపోయినా మిగతా అంకెల్ని బట్టి పోయినవాటిని లెక్కగట్టి పూడ్చుకునేలా చేశారు ఈ డిస్కుని. ఆ లెక్క రీడ్, సోలమన్ అనే ఇద్దరు 1960లోనే వేసిపెట్టారు. డిస్కు గాయాన్ని ముందే ఊహించి మందు పెట్టుకున్నారు వాళ్ళు. మీరేమో వేలెడంత లేజర్ ముక్కని నాలుగు పెట్టెల నిండా దాచిపెట్టలేకపోయారు! అది అరిగే వస్తువని మీకు మొదటిరోజే తెలుసు. తెలిసే దాని చుట్టూ ఇరవై కిలోల లోహం పోతపోసి, తరతరాలకీ నిలుస్తుందని చెప్పి అమ్మారు. నిలిచింది లెండి, పెట్టె నిలిచింది. ఇప్పుడు నా దగ్గరున్నది తలుపుకి అడ్డంపెట్టుకునే బరువు. నాకు తెర తీయక్కర్లేదు, నలుపు అక్కర్లేదు. కొన్న వస్తువు చేయాల్సిన పని చేస్తే చాలు. దానికి విడిభాగం ఉండదు, అప్‌గ్రేడ్ మాత్రం ఉంటుంది!

ఇదంతా ఫోన్లో అన్నాను. అవతల అబ్బాయి పాపం ఓపికగా విన్నాడు. చివరికి నేనే తగ్గి, పోనీ ఆ కొత్త బోర్డు పెట్టిస్తే డిస్కు చదువుతుందా బాబూ అని అడిగాను.

"చదవదు సార్," అన్నాడు. కాస్త ఆగి, "కానీ చదివితే మాత్రం చాలా బాగా వినిపిస్తుంది," అన్నాడు.